కారణం రాసే గడి

నోట్‌బుక్కు పట్టుకుని ఎదురొచ్చే మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ లోపల ఎక్కడో చుర్రుమంటుంది. ఇప్పుడు నా చేతిలోనే ఒకటుంది, అది వేరే సంగతి. విశాఖ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. నేను చదివిందీ అక్కడే. ఏటా ఓ ఇరవై మంది పిల్లల్ని నాకు అప్పజెప్పి, వీళ్ళకి నువ్వు మెంటర్‌వి అంటారు. మొదటి సంవత్సరంలోనే చదువు ఒదిలేసి ఇంటిదారి పట్టే పిల్లల్ని ఆపడానికట ఈ ఏర్పాటు. ప్రతి శుక్రవారం ఆఖరి గంటలో వాళ్ళని కూచోబెట్టుకుని, ఎలా ఉన్నావు, ఏ సబ్జెక్టు బుర్రకెక్కడం లేదు, మానెయ్యాలని ఎప్పుడైనా అనిపించిందా అని అడగాలి. చెప్పింది రిజిస్టర్లో రాసుకోవాలి.

వాళ్ళు చెప్పేది నేను పూర్తిగా నమ్మను. నేను రాసేది వాళ్ళసలు నమ్మరు. పిల్లలు మానకుండా ఉంటే కాలేజీల తనిఖీకొచ్చే కమిటీవాళ్ళు కాలేజీకి మంచి గ్రేడు ఇస్తారు, ఈ ప్రేమంతా అందుకే అని నా అనుమానం. ఆ అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. ఎక్కడ పుట్టానో చెప్తే మీకే తెలుస్తుంది.

బొర్రా స్టేషన్లో బండి దిగి, టూరిస్టులందరూ గుహల వైపు పోతుంటే మేం అటు పోకుండా కొండెక్కుతాం. గంటన్నర నడక. నా చిన్నప్పుడు మా ఊరికి చుట్టాల కంటే నోట్‌బుక్కోళ్ళే ఎక్కువ వచ్చేవారు. ఒకడు కాఫీ మొక్కలు లెక్కపెట్టుకునేవాడు. ఒకడు పనస చెట్లు. ఇంకొకడు వచ్చి మా అమ్మ మెడలో పూసలెన్ని వరసలో కూడా రాసుకుపోయాడు, ఎందుకో దేవుడికే తెలియాలి. ఒకసారి తెల్లచొక్కా ఆయనెవరో వచ్చి, మా ఆవులు మేసే బయలు ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని నవ్వుతూ అడిగాడు. మావాళ్ళు దగ్గరుండి కొలిచి చూపించారు. జీలుగు కల్లు పోసి మరీ పంపించారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ బయలు చుట్టూ ముళ్ళకంచె పడింది.

ఆ రోజు నుంచి మా అయ్య నాకో పాఠం మొదలెట్టాడు. "నోట్‌బుక్కోలు ఏటడిగినా అవునని సెప్పకు. కాదనీ సెప్పకు. సూత్తాం అను. అంతే, నోరు మూసీ."

ఊరు ఊరంతా అదే పాఠం నేర్చుకుంది. మీకు పిల్లలెంతమంది అని అడిగితే మా పెదనాన్న సూత్తాం అన్నాడట. రాసుకునేవాడు బుర్ర గోక్కుని వెళ్ళిపోయాడు. ఆ మాట తలుచుకుని మేం ఏడాది పొడుగునా నవ్వుకున్నాం.

అలాంటి ఊరి నుంచి నేను కిందికి చదువుకి వెళ్ళాను. మాకు కిందికి అంటే మైదానానికి. సివిల్ ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. హాస్టల్లో నాకు రూమ్మేటుగా పడ్డది కురుపాం వైపు కొండల గుంట. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. వాళ్ళింట్లో మాట్లాడే భాష వేరు, మా ఇంట్లో మాట వేరు. మా ఇద్దరికీ మధ్య తెలుగే దిక్కు. అయినా మూడో రోజుకల్లా ఒకే కంచంలో తిన్నాం. మిగతా పిల్లలు మా యాసకి మూతి తిప్పుకుంటే, అది మళ్ళీ వాళ్ళ యాసని అనుకరించి చూపించి నన్ను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేది.

నాకూ దానికీ ఒక్కటే తేడా. ఎవరేం అడిగినా కడుపులో ఉన్నదంతా చెప్పేసే రకం అది. నేను ఊరి పేరు చెప్పడానికే నాలుగుసార్లు ఆలోచిస్తాను.

దానికొక పిచ్చి ఉండేది. వాళ్ళ ఊరికి అడ్డంగా ఒక వాగు ఉంది. వానాకాలం వచ్చిందంటే మూడు నెలలు ఆ ఊరు ఊరు కాదు, దీవి. వాళ్ళక్క పురిటి నొప్పులతో ఆ వాగు ఒడ్డున ఒక పగలంతా కూచుందట. పిల్ల దక్కలేదు. అందుకే ఇది సివిల్ తీసుకుంది. డ్రాయింగ్ క్లాసులో మాస్టారు మేకు బొమ్మ వెయ్యమంటే మేకు వేసి, కాగితం వెనక వాగు మీద చిన్న వంతెనలాంటి కాజ్‌వే వేసేది. కింద ఎన్ని పైపులుండాలి, ఎంత లావుండాలి, నీళ్ళు ఎటు కొడతాయి, అన్నీ అందులో ఉండేవి. లెక్కల్లో మాత్రం చుక్కలు కనపడేవి. "ఒలే, నాలుగేల్లు ఓర్సుకుంటే సాలు. ఆ వాగు సంగతి నాను సూసుకుంతాను" అనేది. దాని చదువు నిలబడుతుందా లేదా అన్నదే ఈ కథంతా. నా సంగతి కాదు.

మా ఇద్దరికీ మెంటర్‌గా వచ్చిన మేడమ్ లెక్కలు చెప్పేది. గంజి పెట్టిన నేత చీర, సన్నటి గొంతు, చేతిలో గోధుమరంగు అట్ట వేసిన రిజిస్టరు. మిషన్ స్కూల్లో చదువుకుని పైకొచ్చిన మనిషి. ఆదివారం చర్చి మానడమంటే ఆవిడకి అన్నం మానడమే. శుక్రవారం గంటకి ఆవిడ బిస్కట్ పొట్లాలు తెచ్చేది, అందుకని పిల్లలందరూ దాన్ని బిస్కట్ పీరియడ్ అనేవారు. ఊరికే ఎవరైనా బిస్కట్లు పెడతారా? నేను ఒక్కటి కూడా ముట్టలేదు. నా వాటా కూడా మా గుంటే నమిలేది.

మొదటి రోజే నన్ను పిలిచి, "ఇంటి దగ్గర ఎవరెవరున్నారమ్మా?" అంది.

"సూత్తాం మేడమ్" అన్నాను.

ఆవిడ పెన్ను ఆగిపోయింది. కళ్ళజోడు మీద నుంచి నన్ను చూసి నవ్వింది. కోప్పడి ఉంటే బాగుండేది, కోపమైతే నాకర్థమయ్యేది. నవ్వి, ఏదో రాసుకుంది. ఆ రాసుకున్నదేమిటో తెలీక ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు. నా వెనక కూచున్న మా గుంట మాత్రం వాగు, అక్క, దక్కని పిల్ల, లెక్కల్లో వచ్చిన సున్నా, అన్నీ ఏకరువు పెట్టేసింది. గదిలోకొచ్చాక తిట్టిపోశాను.

"అడిగితే సెప్పకపోతే ఎలాగే?" అంది.

"మా బయలు కొలిసినోడు కూడా నవ్వుతానే అడిగేడే!" అన్నాను.

అసలు తంటా కొత్త దగ్గర వచ్చింది. కొత్త అంటే మా కొండల్లో పండగ. చేలో కొత్త పంట ఏది చేతికొచ్చినా, దేవతకి పెట్టి, ఇంటిల్లిపాదీ కలిసి కూచుని తిన్నాకే నోట పెట్టాలి. కొర్రకి ఒక కొత్త, కందికి ఒక కొత్త, మామిడికి ఒక కొత్త. ఇంట్లో మనిషి ఒకరు రాకపోతే మా అమ్మ ఆ గింజ ముట్టుకోదు. నేను వెళ్ళకపోతే ఆవిడ పస్తు. పైగా ఏ రోజన్నది క్యాలెండర్లో ఉండదు. ముహూర్తం చూసే దిసారి సంతలో కనపడి, రేపో ఎల్లుండో అని చెప్తాడు. అప్పుడు ఎవరో ఒకరు బొర్రా దాకా నడిచొచ్చి, సిగ్నల్ దొరికే చోట నిలబడి నాకు ఫోను చెయ్యాలి.

"మేడమ్, కొత్తకి ఎళ్ళాలి" అని నేను సెలవు చీటీ పట్టుకెళ్ళాను.

"ఎప్పుడు?"

"ఇంకా తెలీదు మేడమ్."

"తేదీ తెలీకుండా సెలవేమిటమ్మా?"

"కొత్త మేడమ్" అన్నాను మళ్ళీ. అంతకంటే చెప్పాలనిపించలేదు. మా దేవత సంగతి, మా అమ్మ పస్తు సంగతి నోట్‌బుక్కుకి ఎందుకు చెప్పాలి? ఆవిడ తల పంకించి, జాలిగా నా భుజం తట్టి, రాసుకుంది. ఆ జాలికి నాకు ఒళ్ళు మండింది.

కొర్ర కొత్తకి మూడు రోజులు పోయాయి. జ్వరమొచ్చి మూడు వారాలు పోయాయి. మా గుంటకి మలేరియా వచ్చి రెండు వారాలు పోయాయి, వాళ్ళ ఊళ్ళో పండగలకి ఇంకొన్ని. హాజరు డెబ్బై అయిదు శాతానికి తగ్గితే పరీక్ష రాయనివ్వరు. మేమిద్దరం తగ్గిపోయాం.

ఒక శుక్రవారం మేడమ్ చాక్‌పీసు కోసం పక్క గదికి వెళ్ళింది. రిజిస్టరు బల్ల మీద తెరిచే ఉంది. నేను మెడ సాచి చూశాను. దొంగచూపని మీరనుకుంటే అనుకోండి, నా పేరున్న కాగితం నేను చూస్తే తప్పేంటి? ఎర్ర సిరాతో ఒక పట్టీ ఉంది. అందులో నా పేరు, దాని పేరు. పక్కనే ఇంగ్లీషులో రిస్క్ అని ఉంది.  మిగతాది చదివేలోపు ఆవిడ వచ్చేసింది.

గదికెళ్ళి దాని భుజాలు పట్టుకుని ఊపేశాను. "సూసేవా! మనిద్దర్నీ పట్టీ రాసింది. పంపించీడానికే!"

"ఆ మేడమ్ అలాటిది కాదే..."

"తెల్లసొక్కా ఆయన కూడా అలాటోడు కాదనుకున్నారు మావోలు!"

ఆ రోజు దాని మొహంలో మొదటిసారి భయం చూశాను. నాకు, సిగ్గులేకుండా చెప్తున్నాను, కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఇన్నాళ్ళకి నా మాట దానికెక్కింది గదా అని. తర్వాతి శుక్రవారం మేడమ్ దాన్ని, లెక్కలు ఎలా ఉన్నాయి, శనివారం నా దగ్గరికొస్తావా, చెప్తాను అని అడిగింది. ఏం అడిగినా కడుపులో ఉన్నదంతా చెప్పేసే పిల్ల తల వంచుకుని, "సూత్తాం మేడమ్" అంది. నేను నేర్పిన మాట అది.

ఆ తర్వాత మేడమ్ మా ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చింది. నిండా ఇంగ్లీషు. హాజరు తగ్గినా పరీక్షకి కూచోనివ్వమని అర్జీ అట. మీరు సంతకం పెట్టాలి, మీ నాన్నగారో అమ్మగారో సంతకమో వేలిముద్రో వెయ్యాలి, వచ్చే సోమవారంలోగా నాకు ఇచ్చెయ్యాలి, లేకపోతే ఈ సంవత్సరం పోతుంది అని చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నాకెక్కడ వినపడుతుంది? వేలిముద్ర అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి.

ఆ సాయంత్రం అది మంచం మీద కూచుని, పెన్ను మూత తీసి, కాగితం మోకాలి మీద పెట్టుకుంది.

"ఎట్టొద్దే" అన్నాను.

"పరీచ్చ రాయనివ్వరటే మరి?"

"ఇది ఎడితే మనంతట మనమే తప్పు ఒప్పుకున్నట్టే. ఆ కాయితం సూపించి బయటికి గెంటేత్తారు. ఎవల్నీ నమ్మకు. నా మాటిను."

చాలాసేపు నన్నే చూసింది. నా మొహంలో ఏం వెతుక్కుందో. చివరికి పెన్ను మూత పెట్టేసి, కాగితం మడిచి పెట్టె అడుగున పెట్టింది. దాన్ని అక్కడే ఉంచి శుక్రవారం వాళ్ళ ఊరి బస్సెక్కింది. శనివారం నాకు ఫోనొచ్చింది, ఆదివారమే కంది కొత్త అని. నేనూ బయల్దేరిపోయాను. నా కాగితం హాస్టల్లోనే ఒదిలేశాను.

ఆదివారం పొద్దున్న మా ఇంటి వాకిట్లో కోడి ఈకలు పీకుతున్నాను. ఊరి కుక్కలన్నీ ఒకేసారి మొరిగాయి. తలెత్తి చూస్తే కాలిబాట మీద గంజి పెట్టిన చీర, గోధుమరంగు అట్ట. చెప్పులు చేత్తో పట్టుకుని, బురద కాళ్ళతో, ఒగురుస్తూ మా మేడమ్! చర్చి మానుకుని పాసింజరు బండెక్కి, ఊరూరా దారి అడుగుతూ వచ్చింది. నా చేతిలో కోడి కింద పడిపోయింది.

మా అయ్య ఇంట్లోంచి వచ్చి ముందు రిజిస్టరు చూశాడు, తర్వాత మనిషిని చూశాడు. నా మొహం చూసి సంగతి కనిపెట్టాడు. పీట వేశాడు, నీళ్ళిచ్చాడు. ఆవిడ తాగేదాకా ఆగి, "తల్లీ, ఆ పొస్తకంలో మా గుంట గురించి ఏటి రాసేవో సదువు. సదివినాకే మాట" అన్నాడు.

లేచి వెళ్ళిపోతుందేమో, కోప్పడుతుందేమో అనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, పేజీ తిప్పి, అక్షరం అక్షరం తెలుగులో చదివింది. పిల్ల తెలివైనది. ఎవరితోనూ కలవదు. ఇంటి సంగతి చెప్పదు. బిస్కట్ తినదు. చదువు మానేసే ప్రమాదం ఉంది, ఒదలకూడదు. కారణం, కొత్త. చోటు కొత్త, మనుషులు కొత్త, అలవాటు పడలేకపోతోంది, అడిగినప్పుడల్లా కొత్త కొత్త అంటోంది.

మా అయ్య పకాలున నవ్వాడు. చూరు కింద కూచున్న పెదనాన్న నవ్వాడు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కొత్తంటే బెంగ కాదు తల్లీ! పండగ! ఇదుగో, ఇయ్యాలే కొత్త!" అని అయ్య ఉడికిన కందికాయలు దోసెడు తెచ్చి చూపించాడు. మేడమ్ మొహం ఎర్రబడింది. తర్వాత ఆవిడా నవ్వింది. రిజిస్టర్లో ఆ వాక్యం కొట్టేసి, మా అయ్య ఎదుటే పైన పండగ అని రాసింది. కొట్టేసింది చూసి మా అయ్య మెత్తబడ్డాడు. నోట్‌బుక్కోళ్ళు రాసింది కొట్టెయ్యడం ఆయన జన్మలో అదే మొదటిసారి చూడటం.

ఆవిడ ఇంకో కాగితం వెంట తెచ్చింది. నేను ఒదిలేస్తానని ముందే తెలుసు కాబోలు. నేను సంతకం పెట్టాను, అయ్య వేలిముద్ర వేశాడు. దేవతకి పెట్టాక అడ్డాకు వేసి ఆవిడకీ పెట్టారు. చర్చి మనిషి గదా, తింటుందో తినదో అని నేను ఓరకంట చూస్తూనే ఉన్నాను. కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకుని, ఆకు ఖాళీ చేసింది.

అప్పుడు అడిగింది. నేను దాటేద్దామనుకున్న మాట అదే. "కాగితం సంగతి అడిగితే మీ రూమ్మేటు సూత్తాం అందమ్మా. చూస్తానంది గదా, తెస్తుందిలే అనుకుని ముందు నీ దగ్గరికొచ్చాను. నువ్వే మొండిదానివి. రేపు కాగితం తెస్తుందంటావా? నీకేమైనా అనుమానముంటే చెప్పు. కురుపాంలో మా చర్చివాళ్ళున్నారు, బొర్రాలో దిగి ఫోను చేస్తే ఈ సాయంత్రమే మోటారు సైకిలు మీద ఆ ఊరికి మనిషిని పంపి, తెల్లకాగితం మీదైనా అర్జీ రాయించి సంతకాలు పెట్టిస్తారు."

ఒక్క మాట. తేదు మేడమ్, నేనే వద్దన్నాను. అంతే చెప్పాలి. నోటిదాకా వచ్చింది. అయ్య నవ్వుతున్నాడు, అమ్మ ఆవిడకి రెండోసారి వడ్డిస్తోంది, పండగ పూట ఇంటి నిండా జనం. అందరి ముందూ, నేను అలా చేశానని ఎలా చెప్పను? సిగ్గు. వట్టి సిగ్గు. అంతకు మించి పెద్ద కారణమేదో ఉందని ఇన్నేళ్ళూ వెతికాను, లేదు.

"తెత్తాది మేడమ్" అన్నాను.

ఆవిడ నన్ను నమ్మింది. సాయంత్రం బండికి దిగి వెళ్ళిపోయింది.

మా గుంట సోమవారం మధ్యాహ్నం వచ్చింది, ఖాళీ చేతులతో. మేడమ్ దాన్ని చెయ్యి పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి లాక్కెళ్ళింది. రెండు రోజులు గడువిమ్మని ఆవిడ అడగడం నేను వరండాలో నిలబడి విన్నాను. గీత దాటితే దాటినట్టే అన్నాడాయన. బయటికొచ్చి మేడమ్ దాని తల నిమిరి, వచ్చే ఏడు మళ్ళీ ఇక్కడే, ఇదే క్లాసులో, నేనే చెప్తాను, వస్తావు గదా అంది. "సూత్తాం మేడమ్" అంది అది.

అది పెట్టె సర్దుతుంటే నేను సాయం చేశాను. నా కాగితం సంగతి అప్పుడు చెప్పాను. మేడమ్ మా ఊరొచ్చిందని, సంతకం పెట్టానని. అది మడతపెడుతున్న లంగా అలాగే చేతిలో పట్టుకుని, "మంచిది సేసేవే. ఒక్కలమైనా ఉండాలి గదా" అంది. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఈ కథ ఎప్పుడో మరిచిపోయేదాన్ని. మళ్ళీ ఏడు అది రాలేదు.

నేను పాసయ్యాను, పై చదువు చదివాను, అదే కాలేజీలో చేరాను. నేను చేరేనాటికి మేడమ్ రిటైరై వెళ్ళిపోయింది. మెంటరింగ్ వల్ల ఎంతమంది పిల్లలు నిలబడ్డారో చూపించే ఒక చార్టు మా ఆఫీసు గోడకి వేలాడుతుంది. ఆ నిలబడ్డవాళ్ళలో నేనొకదాన్ని. ఆ చార్టు పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా తల తిప్పుకుంటాను.

మొన్న కమిటీ వస్తుందని డిపార్టుమెంట్లో హడావుడి మొదలైంది. మెంటర్ రిజిస్టర్లన్నీ దులిపి బల్ల మీద పేర్చారు. ఖాళీగా ఉన్న గడులన్నీ నింపమన్నారు. ఒకే పెన్నుతో ఒకే రోజు రాసినట్టు ఉండకూడదని నీలం పెన్నులు, నల్ల పెన్నులు, కొత్తవీ పాతవీ కలిపి పంచిపెట్టారు. చూశారా మరి, నా అనుమానం ఊరికే పోదు! పిల్లలు వచ్చి ఎప్పుడూ జరగని మాటల కింద సంతకాలు పెట్టి పోతున్నారు. నేను పళ్ళు కొరుక్కుంటూ పాత రిజిస్టర్లు సర్దుతుంటే గోధుమరంగు అట్ట చేతికి తగిలింది.

నా పేజీలో కొట్టేసిన వాక్యం, పైన పండగ. పక్క పేజీ మా గుంటది. ఇల్లు, వాగు, అక్క, లెక్కలు, మలేరియా, అన్నీ ఆవిడ పొందికైన చేతిరాతలో ఉన్నాయి. కింద చదువు మానిన కారణం అని ఒక గడి. ఖాళీ. ఆ గడి పక్కన పెన్సిల్‌తో, చిన్న అక్షరాల్లో, తెలుగులో రాసుంది. దీని దగ్గరికి నేను వెళ్ళి ఉండాల్సింది, అని.

ఇన్నేళ్ళూ ఆ తప్పు ఆవిడ తన మీద వేసుకుని మోసిందన్నమాట.  కుర్చీ లాక్కుని కూచున్నాను.

మా హెడ్డు గారు వెనక నుంచి తొంగిచూసి, "ఆ పెన్సిలు గీత చెరిపేసి, వ్యక్తిగత కారణాలు అని రాసెయ్యమ్మా. అందరికీ అదే రాస్తున్నాం" అన్నారు.

రాయలేదు. వరండాలోకి వెళ్ళి దానికి ఫోను చేశాను. కురుపాం దగ్గర అంగన్‌వాడీలో పనిచేస్తోందని, నంబరు ఇదీ అని ఎప్పుడో తెలుసు నాకు. ఒక్కసారీ చెయ్యలేదు. రెండో రింగుకే ఎత్తింది. నా గొంతు విని ఓలమ్మో అని కేకేసింది. అమ్మ ఎలాగుంది, అయ్య ఎలాగున్నాడు, అన్నీ అడిగింది. వాగు సంగతి నేనడిగాను.

"ఎవరో కాజ్‌వే కట్టేరే. రెండు వానలకే కొట్టుకుపోయింది. పైపులు మరీ సన్నం ఏసేరు. నా బొమ్మలో ఎంత లావేసేనో నీకు గురుతుందా?" అంది.

గుర్తుందన్నాను.  రిజిస్టర్లో గడి ఖాళీగా ఉంది, నువ్వెందుకు మానేశావో కారణం రాయాలి, ఏం రాయమంటావు అన్నాను.

అది నవ్వింది. హాస్టల్లో నవ్విన నవ్వే. "ఏటైనా రాసుకోయే. నోట్‌బుక్కోలికి నిజం సెప్పకూడదని నువ్వే గదా నేర్పేవు. మేడమ్‌ని నమ్మకన్నావు, ఆ కాయితాన్ని నమ్మకన్నావు. ఎవల్నీ నమ్మలేదు నాను. నిన్ను నమ్మేను." వెనకాల పిల్లలెవరో ఏడుస్తుంటే, ఉంటానే, మా ఊరికి బేగి ఓపాలి రా అని పెట్టేసింది.

లోపలికొచ్చి, పెన్సిలు గీత జోలికి పోకుండా, నల్ల పెన్ను తీసుకుని ఆ గడిలో నా పూర్తి పేరు రాశాను. హెడ్డు గారు చూసి కంగారుపడ్డారు.

"అయ్యో, అది పేరు రాసే గడి కాదమ్మా, కారణం రాసే గడి!"

"కారణమే రాశానండీ" అన్నాను.